ఇంటర్వెల్ దాటితే చేదెక్కే చుట్ట!

సీను మీకు కొత్తదేమీ కాదు. విశాలమైన హాలు. అటూ ఇటూ మెలి తిరిగిన మెట్లు. గోడ మీద పులితల. సోఫాలో సిల్కు గౌను వేసుకున్న విలన్‌గారు. ఎదురుగా స్తంభానికి కట్టేసిన హీరో. విలన్‌గారు తాపీగా జానెడు చుట్ట ముట్టించి, పొగ హీరో మొహం మీదికి వదిలి, ఒక వికటాట్టహాసం చేసి, అప్పుడు గానీ డైలాగు మొదలెట్టరు. మన పాత సినిమాల్లో ఆ చుట్టకి ఉన్న గ్లామరు కొందరు హీరోయిన్లకి కూడా లేదంటే నమ్మాలి!

తెర మీద ఆ చుట్ట అర నిమిషం ఉంటుంది. షూటింగులో మాత్రం దాంతో ఒక పూట గడిచిపోతుంది. డైలాగు తడబడితే ఒక టేకు. హీరో కట్లు వదులై జారిపోతే ఇంకో టేకు. అంతా కుదిరిందనుకునేసరికి "సార్, క్లోజప్‌లో చుట్ట పొడుగ్గా ఉంది, లాంగ్ షాట్‌లో పొట్టిదైపోయింది" అంటూ కంటిన్యుటీ చూసే అసిస్టెంటు పరిగెత్తుకొస్తాడు. మళ్లీ కొత్తది ముట్టించాలి. ఇలా పదో టేకు దాటేసరికి తన నోట్లో ఉన్నది హవానా చుట్టో, ఎండుగడ్డి కట్టో విలన్‌గారికే తెలియదు.

మొదటి టేకులో ఉన్న రుచి పదో టేకుకి ఎక్కడికి పోయింది? చుట్ట అదే, నోరూ అదే. దొంగ ఎవరు?

ఈ దర్యాప్తులోకి దిగేముందు ఒక చిన్న ముచ్చట. చుట్టని విలన్ నోట్లోంచి లాగి హీరో నోట్లో పెట్టిన ఘనుడు క్లింట్ ఈస్ట్‌వుడ్. 1964లో సెర్జియో లియోనే తీసిన 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్', ఆ తర్వాత 1965లో, 1966లో వచ్చిన మరో రెండు సినిమాలు... మూడింట్లోనూ పళ్ల మధ్య నల్లటి చుట్టముక్క, సగం మూసిన కళ్లు. చూసి మనవాళ్లు ఎంతమంది అద్దం ముందు అగ్గిపుల్లలు నమిలారో లెక్కలేదు. తీరా చూస్తే ఆయనకి పొగతాగే అలవాటే లేదు! పొడుగు చుట్టలు కొని, ముక్కలుగా కోసుకుని నోట్లో పెట్టుకునేవాడు. ఆ పాడు రుచి వల్లే పాత్రకి కావలసిన చిరాకు మొహంలోకి వచ్చేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అంటే మనం స్టైలు అనుకుని చప్పట్లు కొట్టింది చేదుకి!

మన తెలుగులో ఈ విద్యకి ఆదిగురువు గిరీశం. గురజాడవారి 'కన్యాశుల్కం'లో వెంకటేశం గోల గుర్తుందిగా? గురువుగారి దగ్గర తను నేర్చుకున్నదల్లా చుట్ట కాల్చడమేనని వాపోతాడు పాపం. 1955లో పి.పుల్లయ్యగారు తీసిన సినిమాలో ఎన్.టి.రామారావుగారు ఆ గిరీశం. గిరీశం శిష్యుడికి చుట్ట ముట్టించడం నేర్పాడే గానీ, సగానికొచ్చాక అది చేదెందుకెక్కుతుందో చెప్పినట్టు లేదు. ఆ మిగిలిన పాఠమే ఇది.

పప్పులో ఉప్పు లేదన్న పెద్దమనిషి

నా కథ కూడా చెప్పాలి. సిగ్గుపడాల్సిన కథే గానీ దర్యాప్తుకి పనికొస్తుంది.

మా స్నేహితుడి పెళ్లి. వాళ్ల బావ విదేశం నుంచి వస్తూ అసలు సిసలు క్యూబా చుట్టలు తెచ్చాడు. నాకు మూడు ఇచ్చాడు. విడిదింటి డాబా మీద, భోజనాలకి గంట ముందు, మొదటిది ముట్టించాను. అబద్ధమెందుకు, మొదటి నాలుగైదు దమ్ములూ బాగున్నాయి. వేయించిన కాఫీ గింజల వాసన, కొత్త చెక్క వాసన, ఎక్కడో అడుగున పాత బెల్లం లాంటిది ఏదో! సగానికొచ్చేసరికి బెల్లం మాయమైంది. కాఫీ కషాయమైంది. "చుట్టలో నాణ్యం లేదు" అని తేల్చేసి, వెంటనే రెండోది అంటించాను. దాంట్లో మొదటి దమ్ము నుంచే ఏమీ లేదు. వేడిగాలి!

ఆ నోటితోనే దిగి పంక్తిలో కూర్చున్నాను. పప్పు చప్పగా ఉంది. పులుసు నీళ్లలా ఉంది. లడ్డూ ఇసుకలా ఉంది. వంటాయన్ని పిలిచి, "ఏమయ్యా, పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయావా?" అని నలుగురిలో గద్దించాను. ఆయన మొహం చిన్నబోయింది. పక్కవాళ్లు నాకేసి వింతగా చూశారు. అందరి విస్తళ్లలోనూ పప్పు రెండోసారి వడ్డించుకుని తింటున్నారు మరి! పొద్దున్న మిగిలిన పులిహోర తింటే బ్రహ్మాండంగా ఉంది. వంటాయన్ని వెతికితే అప్పటికే ఆయన సామాను సర్దుకుని బస్సెక్కేశాడు.

ఇక మూడో చుట్ట. దాన్ని బీరువాలో బట్టల మధ్య దాచాను. మరుసటేడు ఎండాకాలంలో తీస్తే పెళుసుగా, అప్పడంలా విరిగింది. ముట్టిస్తే కలరా ఉండల వాసన! పొగాకుకి చుట్టుపక్కల వాసనలన్నీ పీల్చేసుకునే గుణం ఉందని అప్పుడు తెలిసింది.

మొదటి ముద్దాయి: చుట్ట

ముందు చుట్టనే బోనెక్కిద్దాం.

చుట్టంటే పొగాకు రోలు మాత్రమే కాదు. లోపల నింపుడాకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన అందమైన చుట్టాకు... మూడు పొరలు. నిప్పు ఒక కొసన ఉంటుంది, నోరు ఇంకో కొసన. ఈ రెండింటి మధ్యా ఉన్న ఆకంతా ఫిల్టరులా పనిచేస్తుంది. నిప్పు దగ్గర పుట్టిన పొగలోని తారు, నికోటిన్, నీటి ఆవిరి చల్లబడుతూ వచ్చి, వెనకున్న ఆకులో కొంత కొంత పేరుకుంటాయి. మొదటి సగం కాల్చినంతసేపూ మీరు మజా చేస్తున్నారు, రెండో సగం ఆ మసంతా దాచుకుంటోంది. ఇంటర్వెల్ తర్వాత నిప్పు అక్కడికి చేరుతుంది. దాచుకున్నదంతా మళ్లీ కాలుతుంది! అంచేత చివరి మూడో వంతు ఘాటుగా, చేదుగా ఉండటం కంపెనీ మోసం కాదు. చుట్ట పుట్టుకలోనే ఉన్న సంగతి. పైగా నిప్పు నోటికి దగ్గరయ్యే కొద్దీ పొగ చల్లబడే దారి కూడా తగ్గిపోతుంది.

దానికి తోడు మన తొందర. గబగబా లాగితే నిప్పు రాజుకుని ఆకు మాడుతుంది. సున్నితమైన వాసనలన్నీ ఆ వేడికి బూడిదే. అందుకే అలవాటున్నవాళ్లు నిమిషానికో దమ్ము అంటారు. షూటింగులో నిమిషానికో దమ్మంటే నిర్మాత ఊరుకుంటాడా? కెమెరాకి పొగ కనపడాలి. పాపం విలన్‌గారు ఇంజను లాగినట్టు లాగాల్సిందే. మధ్యలో ఆరిపోయినదాన్ని మళ్లీ ముట్టిస్తే ఇంకా ఘోరం. చల్లబడిన మసి వాసనే మొదట తగులుతుంది.

తేమ సంగతి మరొకటి. పొగాకుకి పరిమళమిచ్చే నూనెలు ఆకు ఎండిపోతే ఎగిరిపోతాయి, మరి తిరిగి రావు. ఎండిన ఆకు వేడిగా, వేగంగా కాలుతుంది కూడా. మరీ తడిస్తే సరిగ్గా మండక మాటిమాటికీ ఆరిపోతుంది. గాలిలో తేమ నూటికి 65 నుంచి 70 పాళ్లుండేలా సెడార్ చెక్కపెట్టెల్లో దాచేది అందుకే. మన మే నెల ఎండల్లో, ఇనప బీరువాలో, కలరా ఉండల పక్కన దాచినవాడికి ఆ శాస్తి కావలసిందే!

అయితే ఒక చిక్కుంది. చుట్టదే నేరమైతే, నేను అంటించిన రెండో చుట్ట కొత్తది కదా? దాంట్లో మసి ఇంకా పేరుకోలేదు కదా? అది మొదటి దమ్ము నుంచే చప్పగా ఎందుకుంది?

అసలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు

ముక్కు మూసుకుని చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకోండి. తీపి తెలుస్తుంది. బెల్లమో, పంచదారో చెప్పలేరు. ముక్కు వదలండి... ఠక్కున బెల్లం! నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా 1908లో జపాన్‌లో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త పేరు పెట్టిన 'ఉమామి', అంతే. మిగిలిన సొగసంతా నోటి వెనక దారిలో ముక్కుకి చేరే వాసనే. 2020లో కోవిడ్ వచ్చి వాసన పోయినవాళ్లని అడగండి, ఆవకాయ ఎలా ఉందో చెబుతారు. మంట తప్ప మరేం తెలియలేదంటారు.

మన షడ్రుచుల్లో ఉన్న కారం, వగరు మాటేమిటంటారా? సైన్సు వాటిని రుచులుగా ఒప్పుకోదు. కారం అంటే నోటికి తగిలే మంట. వేడి తగిలితే మేలుకునే నరమే మిరపకాయకీ మేలుకుంటుంది. ఆ కిటుకు పట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. వగరు అంటే ఉమ్మిలోని జిగురు విరిగి నోరు పిడచకట్టడం. చుట్టలో ఈ రెండూ దండిగా ఉంటాయి.

కాబట్టి నేను చెప్పిన కాఫీ, చెక్క, బెల్లం... ఇవన్నీ ముక్కు పని. ఆ ముక్కుకి ఒక జబ్బుంది. అది కొత్త సంగతే పట్టించుకుంటుంది. అగరొత్తులు వెలిగించిన ఇంట్లోకి అడుగుపెడితే గుప్పుమంటుంది. పది నిమిషాలు కూర్చుంటే మీకేమీ తెలియదు. అగరొత్తి ఆరిపోలేదు, మీ ముక్కే ఆ కబురు పైకి పంపడం మానేసింది. వాసన పట్టే కణానికి అదే వాసన తగులుతూ ఉంటే, ఆ కణంలోకి చేరిన కాల్షియమే దాని చురుకు తగ్గిస్తుంది. మెదడు కూడా "సరే, విన్నాం, ఇంకేమిటి?" అంటుంది. మనిషికి దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి గానీ, చుట్ట పొగ వాటిలో ఒకే గుంపుని పదే పదే తడుతూ ఉంటుంది.

సినిమావాళ్లం కదా, మన ఉదాహరణే చెబుతాను. 2012 అక్టోబరు 2 నుంచి సినిమా మొదట్లోనూ, మధ్యలోనూ పొగాకు హెచ్చరిక వేయడం మొదలైంది. తొలిరోజుల్లో ఆ నోళ్లూ, ఆ మొహాలూ చూసి హాలంతా కిక్కురుమనలేదు. తర్వాత్తర్వాత? అది వస్తుండగానే సీటు నంబరు వెతుక్కుంటున్నాం, పాప్‌కార్న్ పంచుకుంటున్నాం. బొమ్మ మారలేదు. మనకే కనపడటం మానేసింది. ముక్కు చేసే పనీ ఇదే.

ఇక్కడ ముక్కు అలిసిపోతుంటే, అక్కడ చుట్టలో చేదు పెరుగుతోంది. మంచి కబురు తగ్గుతూ, చెడ్డ కబురు ఎక్కువవుతూ ఉంటే ఏమవుతుంది? "చుట్ట పాడైంది" అనిపిస్తుంది. దానికి తోడు నోరు ఎండిపోతుంది. ఉమ్మిలో కరిగితే గానీ నాలుకకి ఏ రుచీ అందదు. పైగా చుట్ట పొగకి క్షారగుణం ఉంది. అందువల్ల దాని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా పోకుండానే నోటి పొర గుండా రక్తంలో కలుస్తుంది. "నేను పొగ మింగను, నాకేం కాదు" అనే చుట్టరాయుళ్లకి ఈ ముక్క చెప్పి చూడండి. పెద్ద చుట్ట ఒక్కదాంట్లో ఒక పెట్టె సిగరెట్లంత పొగాకు ఉండొచ్చని కూడా చెప్పండి.

ఈ సరంజామా అంతటికీ చుట్టప్రియులు ఇంగ్లీషులో పెట్టుకున్న పేరు 'పాలెట్ ఫెటీగ్'. పాలెట్ అంటే అంగిలి. అంగిలి అలిసిందన్నమాట. మన భాషలో దీనికి చుట్టం లాంటి మాట ఎప్పట్నుంచో ఉంది... మొహం మొత్తడం! రెండూ అచ్చంగా ఒకటి కాదు లెండి. మొహం మొత్తినప్పుడు రుచి తెలుస్తూనే ఉంటుంది, మనసే వద్దంటుంది. నాలుగో బూరె దగ్గర చేతులెత్తేసినవాడు పెరుగన్నంలో ఆవకాయ కనపడగానే మళ్లీ కలపడం మొదలెట్టడూ? అంగిలి అలిసినప్పుడు మనసుకి కావాలనే ఉంటుంది, రుచే అందదు. ఒకే రోజు మార్నింగ్ షో, మాట్నీ, ఫస్టు షో మూడు సినిమాలు చూసి బయటికొచ్చినవాణ్ణి మూడో సినిమా కథ అడగండి. టిక్కెట్టు డబ్బులిచ్చాడు, కళ్లు తెరిచే ఉన్నాడు, ఫైటు మాత్రం ఏ సినిమాలోదో చెప్పలేడు.

కాఫీ గింజల మాయ

సెంటు దుకాణాల్లో చిన్న గిన్నెలో కాఫీ గింజలు పెడతారు, చూశారా? నాలుగు సెంట్లు వాసన చూశాక అవి పీలిస్తే ముక్కు శుభ్రమవుతుందట. పరీక్షించి చూస్తే మామూలు గాలి పీల్చినా అంతే ఫలితం! పిప్పరమెంటు బిళ్ల కూడా అంతే, ఒక వాసన మీద ఇంకో వాసన పులమడం. తేయాకు రుచి చూసి ధర కట్టేవాళ్లు గుటక మింగరు, పుక్కిలించి ఉమ్మేస్తారు. మంచినీళ్లు, చప్పటి రొట్టె, కాస్త తెరిపి... ఇంతకు మించిన మందు లేదు. ఉసిరికాయ తిన్నాక నీళ్లు తాగితే తియ్యగా ఉండటం మనందరికీ తెలిసిందే. ముందు తిన్నది తర్వాతదాని మొహం మార్చేస్తుంది. తేలికది ముందు, ఘాటుది తర్వాత అని అనుభవజ్ఞులు అనేది ఈ లెక్కతోనే.

ముక్కు అలసట నిమిషాల్లో తీరుతుంది. ఎండి, మసిబారిన నోటికి ఒక రాత్రి కావాలి. నాలుక మీది రుచి కణాలు సుమారు పది రోజులకోసారి పాతవి పోయి కొత్తవి పుడతాయి. ప్రకృతి మనకి ఇన్ని రీటేకులిచ్చింది. నా అభిప్రాయంలో చిక్కంతా రుచి పోవడంలో లేదు, పోయినప్పుడు మనం చేసే పనిలో ఉంది. రుచి తగ్గగానే ఇంకాస్త ఘాటైనది వెతుకుతాం. సాదా చుట్ట చాలక లంక పొగాకు చుట్ట, అదీ చాలక రోజుకి నాలుగు. గోదావరి లంకల్లో పండే ఆ ఆకు ఘాటు తెలిసినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది.

నిప్పు లోపల పెట్టుకుంటే

అంగిలి అంటే ఊరికే పేరుకి కాదు. నిజంగా అంగిలే కాలిపోయే చోటు మన తెలుగునేల మీదే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరపు పల్లెల్లో దాన్ని అడ్డపొగ అంటారు. చుట్టని తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం! ఎక్కువగా ఆడవాళ్లు. నోరు మూసుకుని, నిప్పు లోపలుంచుకుని, వంట చేస్తారు, వలలు అల్లుతారు.

1971లో డెన్మార్కు పరిశోధకుడు పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టర్లు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించిన వివరాలు ప్రచురించారు. వాళ్లలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగవాళ్లే. మామూలుగా లోకంలో అరుదుగా వచ్చే అంగిలి కేన్సరు ఇక్కడ అరుదు కాదు. తెల్లగా పాలిపోయిన అంగిలి, దాని మీద ఎర్రటి చుక్కలు, పుళ్లు... విలన్‌గారి అలసట పొద్దున్నకి తీరిపోతుంది. ఇది అలా తీరేది కాదు.

ఇవన్నీ పుస్తకంలో చదివి రాస్తున్నాననుకోకండి. మా మామ్మ అడ్డపొగ మనిషి. చేపల పులుసు పెట్టిందంటే వీధి చివరిదాకా వాసన. పెద్దదయ్యే కొద్దీ పులుసులో ఉప్పు పెరుగుతూ వచ్చింది. "సప్పగుంది, సప్పగుంది" అంటూ వేసేది. మేం నీళ్లు తాగుతూ తినేవాళ్లం, ఎవరూ నోరెత్తేవారు కాదు. మా అమ్మకి వంట అప్పగించాక, అత్తగారి నోటికి సరిపోవాలని అమ్మ కూడా అంత ఉప్పే వేసేది.

ఒకసారి పన్ను నొప్పని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన పన్ను వదిలేసి అంగిలి చూశాడు. టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చేదాకా ఆ పది రోజులూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఇంకా ముదరలేదు, ఇవాళ్టితో చుట్ట ఆపెయ్యాలి అన్నాడు. ఆపింది. తిట్టుకుంటూ, మా అందరి మీదా విసుక్కుంటూ ఆపింది.

నెలా నెలన్నర గడిచింది కాబోలు. ఒక మధ్యాహ్నం అమ్మ ఎప్పటిలాగే చేపల పులుసు వడ్డించింది. మామ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కంచం పక్కకి తోసి అమ్మకేసి గుడ్లురిమి చూసింది.

"ఓలమ్మో! ఇదేటే, ఇంతుప్పేసినావు? నన్ను సంపేత్తావేటి?"